మేడ మీది టెలిస్కోప్‌తో గ్రహాల ఫోటోలు: తొలి రాత్రి నుంచి తుది మెరుగు దాకా

చేదబావిలో బిందె జారిపడితే మా అమ్మమ్మ వెంటనే పాతాళగరిగె వేయనిచ్చేది కాదు. "ఉండరా, నీళ్లు తేరనీ" అనేది. అందరం ఒర మీద మోచేతులు ఆనించి లోపలికి చూస్తూ నిలబడేవాళ్లం. నీళ్లు కదులుతున్నంతసేపూ అడుగున ఏదో తెల్లగా వణికేది, అంతే. ఉన్నట్టుండి ఒక్క క్షణం నీరు నిలిచేది. బిందె మూతి, దాని పక్కన సొట్టతో సహా కనిపించి మళ్లీ చెదిరిపోయేది. ఆ క్షణంలో గుర్తు పెట్టుకున్న చోటే గరిగె దించేవాళ్లం.

టెలిస్కోప్‌తో గ్రహాన్ని ఫోటో తీయడం అచ్చంగా ఇదే పని. మన నెత్తి మీదున్న గాలి ఆ బావి నీరు. వేడి గాలీ చల్లగాలీ కలిసే చోటల్లా వెలుగు కొద్దిగా వంగుతుంది, గ్రహం బొమ్మ ఉడుకుతున్నట్టు వణుకుతుంది. అందుకే ఒక్క ఫోటో తీసి ఊరుకుంటే ఎంత మంచి టెలిస్కోప్‌కైనా మసక ముద్దే దక్కుతుంది. నిమిషం, నిమిషంన్నర వీడియో తీసి, అందులోని వేల ఫ్రేముల్లో నీరు నిలిచిన క్షణాల్లాంటివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే అప్పుడు గ్రహం బయటపడుతుంది. దీన్ని లక్కీ ఇమేజింగ్ అంటారు. అలాంటి అదృష్టపు ఫ్రేము దొరికే అవకాశం ఎంతో 1978లో డేవిడ్ ఫ్రీడ్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. అలాంటి ఫ్రేములను ఏరే పనిని ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతోంది.

8 అంగుళాల డాబ్సోనియన్ ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను. అంటే మోటారు లేకుండా చేత్తో తోసి తిప్పుకునే అద్దం టెలిస్కోప్. మన దగ్గర కొత్తగా కొనేవాళ్లలో చాలామంది చేతికి వచ్చేది ఇదే. మోటారు ఉన్న మౌంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే స్టాండు) మీ దగ్గరుంటే పని ఇంకా సులువు. లేదని మాత్రం ఆగిపోకండి.

ఏ గ్రహం, ఎప్పుడు

గురుడితో మొదలుపెట్టండి. ఇంకో మాట లేదు. పెద్దగా ఉంటాడు, కాంతి ఎక్కువ, మేఘాల పట్టీలు ఉంటాయి, ఎర్రమచ్చ అనే పెద్ద తుపాను ఉంటుంది, పక్కన నాలుగు ఉపగ్రహాలు ఉంటాయి. ఏ రాత్రి చూసినా నిన్నటిలా ఉండడు. భూమికి దగ్గరగా ఉన్న నెలల్లో గురుబింబం 50 ఆర్క్ సెకన్ల దాకా ఉంటుంది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). శని బింబం 20 దరిదాపుల్లోనే ఆగిపోతుంది, ఉంగరాలతో కలిపితే 45 దాకా వస్తుంది. కుజుడు ఏడాదిలో ఎక్కువ కాలం చిన్న ఎర్రచుక్క. రెండేళ్లకోసారి కొన్ని వారాలు మాత్రమే ముఖం చూపిస్తాడు. శుక్రుడి కళలు చంద్రకళల్లా అందంగా వస్తాయి కానీ మేఘాల మీద వివరం ఏమీ దొరకదు. యురేనస్, నెప్ట్యూన్ జోలికి మొదటి ఏడాది వెళ్లకండి.

గ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజును ఆపోజిషన్ అంటారు. ఆ రోజుల్లో అది భూమికి దగ్గరగా ఉంటుంది, రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. ఆ తేదీకి అటూ ఇటూ రెండు నెలలు మన పంట కాలం. శనికి 2026 అక్టోబర్ 4. గురుడికి 2027 ఫిబ్రవరి రెండో వారం. కుజుడికి అదే నెల 19. ఆ ఫిబ్రవరిలో గురుడూ కుజుడూ ఇద్దరూ మఖ నక్షత్రం పరిసరాల్లోనే ఉంటారు. కుజబింబం 14 ఆర్క్ సెకన్లకు కాస్త తక్కువే, అయినా ధ్రువం మీది తెల్లటి మంచు టోపీ పట్టుకోవడానికి చాలు.

ఇక్కడ మనకున్న అదృష్టం ఒకటి చెప్పాలి. మనవాళ్లు దీన్ని సరిగా గుర్తించరు. గ్రహం ఎంత కిందుంటే దాని వెలుగు అంత ఎక్కువ గాలి దాటి రావాలి. లండన్‌లో శనిని చూసేవాళ్లు చాలా ఏళ్లు ఇళ్ల కప్పుల మీదుగా చూస్తూ గడిపారు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. 2027 ఫిబ్రవరిలో గురుడు, కుజుడు తెలుగు నేల మీద దాదాపు నడినెత్తికి వస్తారు. 2026 అక్టోబర్‌లో శని కూడా 74 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నుంచి క్రిస్టఫర్ గో అనే ఔత్సాహికుడు తీసే గురుడి ఫోటోలు ప్రపంచమంతటా పేరు పొందాయి. ఓవల్ బీఏ అనే మచ్చ ఎర్రబడిందని 2006లో పసిగట్టింది ఆయనే. ఆయనదీ మనలాంటి ఉక్కపోత ప్రాంతమే.

చలికాలంలో ఉత్తర భారతం మీదుగా చాలా ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం పరుగెడుతుంది. ఢిల్లీ వాళ్ల ఫోటోలు చెడగొట్టేది అదే. మనం దానికి దక్షిణాన ఉన్నాం, చాలా రాత్రులు మన జోలికి రాదు. మనకు అసలు శత్రువు వానాకాలం. ఆ నెలల్లో టెలిస్కోప్ పెట్టెలో సిలికా జెల్ సంచులు మార్చుకుంటూ, అద్దాలకూ ఐపీసులకూ (కన్ను ఆనించి చూసే కటకాలు) బూజు పట్టకుండా చూసుకుంటే చాలు.

ఊరి వెలుతురు గురించి బెంగపడకండి. గ్రహాలకు అది అడ్డం కాదు. పాలపుంత కనబడని అమీర్‌పేట మేడ మీద నుంచి కూడా ఎర్రమచ్చ వస్తుంది.

కావలసిన సామాను

8 అంగుళాల డాబ్సోనియన్ అద్దం వ్యాసం 203 మి.మీ., నాభ్యంతరం సాధారణంగా 1200 మి.మీ. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎఫ్/5.9. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

గ్రహాల కెమెరా అంటే వెబ్‌క్యామ్‌లాంటి చిన్న డబ్బా, యూఎస్‌బీ 3.0 తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించేది. జడ్‌డబ్ల్యూఓ ఏఎస్ఐ 662ఎంసీ, 585ఎంసీ లాంటివి. రెండింటిలోనూ పిక్సెల్ 2.9 మైక్రాన్లు. మోటారు లేనివాళ్లకు 585 మేలు, సెన్సార్ వెడల్పు కాబట్టి గ్రహం ఎక్కువసేపు తెరలో ఉంటుంది. డీఎస్ఎల్‌ఆర్ ఇంట్లో ఉంటే దానితోనూ వీడియో తీయవచ్చు కానీ దీనికోసం కొత్తగా కొనకండి.

కెమెరా ముందు పెట్టి బొమ్మను పెద్దది చేసే బార్లో కటకం ఎన్ని రెట్లది ఉండాలన్నదానికి ఒక సులువైన సూత్రం ఉంది. పిక్సెల్ సైజును 5తో గుణించండి. 2.9 × 5 అంటే 14.5. మీ టెలిస్కోప్ ఎఫ్ సంఖ్య బార్లోతో కలిసి ఆ దరిదాపుల్లోకి రావాలి. మనది 5.9, రెండు రెట్ల బార్లో పెడితే 11.8, రెండున్నర రెట్లదైతే 14.75. మొదట్లో రెండు రెట్లు చాలు. మూడు రెట్లదీ అయిదు రెట్లదీ పెడితే బొమ్మ పెద్దదవుతుంది కానీ కొత్త వివరమేదీ రాదు, వెలుగు పలచబడుతుంది, గ్రహం తెరలోంచి జారిపోతుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

కెమెరా ముందు భాగంలో పరారుణ కాంతిని ఆపే ఐఆర్ కట్ ఫిల్టర్ లేకపోతే ఒకటి కొని బిగించండి. లేదంటే రంగులు ఎర్రగా కొట్టుకొస్తాయి. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ (వేగంగా రాసుకునే డిస్కు) తప్పనిసరి, ఎందుకో ముందు చూస్తారు.

సాయంత్రం పనులు

రాత్రి ఫోటో బాగుంటుందా లేదా అన్నది సగం సాయంత్రమే తేలిపోతుంది.

ఎండాకాలం మేడ స్లాబు రాత్రి పదింటికి కూడా పెనంలా వేడిగా ఉంటుంది. ఆ వేడి గాలి టెలిస్కోప్ మూతి ముందు నుంచే పైకి లేస్తుంది. చీకటిపడే ముందు రెండు బకెట్లు నీళ్లు చల్లండి. నేను ఏప్రిల్, మే నెలల్లో తడిపిన గోనెపట్టాలు పరిచి వాటి నడుమ టెలిస్కోప్ పెడతాను, ఆ తేడా బొమ్మలో కంటికి కనబడుతుంది. ఇంటి చుట్టూ మట్టి నేల, గడ్డి ఉంటే మేడ కన్నా అదే మంచిది. పక్కింటి ఏసీ డబ్బా వేడిగాలి వదిలే వైపు గ్రహం ఉంటే, అది అక్కణ్ణుంచి జరిగేదాకా ఆగడమే మార్గం.

టెలిస్కోప్ అద్దం బయటి గాలి చల్లదనానికి రావాలి. గంట ముందే మూతలు తీసి బయట పెట్టండి. అద్దం వెనక 12 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాన్ తిప్పితే అరగంటలో పని అవుతుంది. కాకినాడ, విశాఖ వైపు వాళ్లకు ఒక హెచ్చరిక: ఏసీ గదిలో ఉంచిన టెలిస్కోప్‌ను నేరుగా బయటికి తెస్తే చెమ్మ అద్దం నిండా పొగలా పడుతుంది. దాన్ని గుడ్డతో తుడిచారంటే అద్దం పూత గీరుకుపోతుంది. దానంతట అదే ఆరనివ్వండి. అసలు ఏసీ లేని గదిలో ఉంచుకుంటే ఈ బాధే లేదు.

తర్వాత కొలిమేషన్, అంటే రెండు అద్దాలూ ఒకే గీత మీదకి తేవడం. ఆటోలో తెచ్చినా, మేడ మెట్లు ఎక్కించినా చాలు, ఇది తప్పిపోతుంది. ప్రతి రాత్రీ సరిచూడాలి. లేజర్ పరికరంతోనో, చెషైర్ అనే చూపు గొట్టంతోనో ముందు దాదాపుగా సరిచేసి, చీకటిపడ్డాక అసలు పరీక్ష నక్షత్రం మీద చేయండి. నడినెత్తికి దగ్గర్లో ఉన్న ఒక మోస్తరు నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి, ఫోకస్ కొద్దిగా తప్పించండి. గారె ఆకారం కనబడుతుంది. మధ్యలోని నల్లటి చిల్లు సరిగ్గా నడుమ ఉందా, ఒక పక్కకు జరిగిందా చూడండి. పక్కకు ఉంటే పెద్ద అద్దం వెనకున్న మరల్లో ఒకదాన్ని పావు చుట్టు కన్నా తక్కువ తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చి, మళ్లీ చూడండి. ఓపికగా నాలుగైదు సార్లు. బొమ్మలో పదును రాలేదని కెమెరా మార్చినవాళ్లను చూశాను. వాళ్ల గారె చిల్లు పక్కకు ఉంది.

వెలుతురు ఉండగానే ఫైండర్‌ను, అంటే టెలిస్కోప్ మీద గురి చూసుకునే చిన్న గొట్టాన్ని కూడా సరిచేసుకోండి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసో గుడి గోపురం మీది కలశమో ఐపీసులో మధ్యకు తెచ్చి, ఫైండర్ గీతలు కూడా దాని మీదకే వచ్చేలా మరలు తిప్పండి. కెమెరా సెన్సార్ వేలి గోరంత కూడా ఉండదు, దాని మీద గ్రహాన్ని దించడానికి మీకున్న ఆధారం ఈ ఫైండరే. సూర్యుడు పూర్తిగా అస్తమించకముందు శుక్రుడి కోసం టెలిస్కోప్ తిప్పకండి. ఫైండర్‌లోంచి ఒక్క క్షణం సూర్యుడు కంటబడినా చూపు పోతుంది. పిల్లలు మేడ మీద ఉన్నప్పుడు మరీ జాగ్రత్త.

గాలిని చదవడం

నక్షత్రాలు గట్టిగా మిణుకుతున్నాయంటే గాలి నిలకడగా లేదని. వానవెలిసి ఆకాశం అద్దంలా మెరిసే రాత్రి మనసు ఉవ్విళ్లూరుతుంది, కానీ చాలాసార్లు గ్రహం సలసల కాగుతుంటుంది. దానికి భిన్నంగా, చలికాలం తెల్లవారుజామున పలచటి మంచుపొర కమ్మి నక్షత్రాలు నాలుగైదు కూడా కనబడని వేళ గురుడు రాయిలా నిలబడిపోతాడు. నా దగ్గరున్న మంచి ఫోటోల్లో సగం అలాంటి మసక రాత్రులవే.

10 మి.మీ. ఐపీసుకు బార్లో కలిపి గ్రహాన్ని చూడండి. రెండు పట్టీల అంచులు రెండు మూడు సెకన్లపాటు నిలిచి కనిపిస్తుంటే కెమెరా తీయండి. ఎంతసేపు చూసినా బింబం అంచు అలలు కొడుతూనే ఉంటే ఆ రాత్రి కళ్లతో చూసి ఆనందించి పడుకోండి. గంట తర్వాత మరోసారి చూడటం మాత్రం మానకండి. అర్ధరాత్రి దాటాక స్లాబు చల్లారి, వీధిలో వాహనాలు తగ్గి, ఒక్కసారిగా అంతా నిమ్మళిస్తుంది.

గ్రహం ఎంత ఎత్తుంటే అంత మంచిదన్నాను కానీ డాబ్సోనియన్‌కు సరిగ్గా నడినెత్తి మీద ఇబ్బంది. ఎటు తోసినా తిరగదు. గ్రహం శిఖరానికి చేరడానికి గంట ముందు, అంటే 75 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు తీసేయండి. ఆ ఎత్తుకు గాలి పెద్దగా దెబ్బతీయదు. కిందుండే గ్రహాల రంగులు విడిపోకుండా యూరప్ వాళ్లు వాడే ఏడీసీ అనే పరికరం కూడా అక్కర్లేదు.

ఫోన్ ఒక్కటే ఉంటే

కెమెరా కొనేదాకా ఆగకండి. ఐపీసుకు ఫోన్‌ను బిగించే క్లాంప్ దొరుకుతుంది, చేత్తో పట్టుకుంటే మాత్రం కుదరదు. 10 నుంచి 15 మి.మీ. ఐపీసు పెట్టండి. ఫోన్ మామూలు మోడ్‌లో గురుడు తెల్లటి బల్బులా వెలిగిపోతాడు. ప్రో మోడ్‌లోకి వెళ్లి ఐఎస్ఓ 100 నుంచి 400 మధ్య, షట్టర్ సెకనులో 60వ వంతు నుంచి 125వ వంతు మధ్య పెట్టి, పట్టీలు కనబడేదాకా తగ్గించుకోండి. ఫోకస్ లాక్ చేయండి. ఇప్పుడు 4కే వీడియో 30 సెకన్లు. ఆ ఫైలును పిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో మార్చుకుంటే కింద చెప్పిన పద్ధతి అంతా దానికీ వర్తిస్తుంది. రెండు పట్టీలు, నాలుగు ఉపగ్రహాలు, శని ఉంగరం ఫోన్‌తోనే వస్తాయి.

కెమెరాతో పట్టడం

తొందరపడి ఒకేసారి బార్లో, కెమెరా పెట్టేసి గ్రహం కోసం వెతక్కండి. ముందు 25 మి.మీ. ఐపీసుతో మధ్యకు తెండి. తర్వాత 10 మి.మీ. ఆ తర్వాత బార్లో తగిలించి దానిలో కెమెరా పెట్టండి. తెర మీద ఏమీ లేకపోతే ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేము వెలుగు పట్టే సమయం), గెయిన్ (పట్టిన వెలుగును పెంచి చూపే అమరిక) బాగా పెంచండి. ఫోకస్ తప్పిన గ్రహం పెద్ద మసక గారెలా ఎక్కడో అంచున కనబడుతుంది. దాన్ని మధ్యకు తోసి ఫోకస్ చేయండి.

వీడియో తీయడానికి షార్ప్‌క్యాప్ గానీ ఫైర్‌క్యాప్చర్ గానీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఫైలు రకం ఎస్ఈఆర్, 8 బిట్ రా. డీబేయర్ (ముడి వీడియోను రంగుల్లోకి మార్చే అమరిక) ఆఫ్‌లో ఉంచండి, రంగులు తర్వాత వస్తాయి.

ఇప్పుడు మోటారు లేనివాళ్ల అసలు సమస్య. ఆకాశం సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్లు పడమరకు జరుగుతుంది. రెండు రెట్ల బార్లోతో మన 2.9 మైక్రాన్ల పిక్సెల్ ఒక్కొక్కటి పావు ఆర్క్ సెకను. 662 సెన్సార్ 1920 పిక్సెళ్ల వెడల్పు, అంటే 480 ఆర్క్ సెకన్లు. గురుడు ఒక అంచు నుంచి మరో అంచుకు దాటడానికి 32 సెకన్లు పడుతుంది. 585 అయితే 64. కాబట్టి కెమెరాను ఐపీసు గొట్టంలో తిప్పుతూ గ్రహం జారే దారి తెర పొడవు వెంబడి ఉండేలా చూసుకోండి. తెర ఎత్తును 600 పిక్సెళ్లకు కోసేయండి, వెడల్పు మొత్తం ఉంచండి. ఇప్పుడు గ్రహాన్ని తూర్పు అంచుకు ముందుగా తోసి, చేయి తీసేసి, రెండు మూడు సెకన్లు ఊగుడు తగ్గనిచ్చి, రికార్డు నొక్కండి. అవతలి అంచుకు చేరగానే ఆపండి. మళ్లీ తోయండి, మళ్లీ రికార్డు. 662తో మూడు ముక్కలు తీస్తే ఒక వీడియోకు సరిపడా ఫ్రేములు వస్తాయి. మొదటి రాత్రి చేతులు వణుకుతాయి, మూడో రాత్రికి లయ కుదురుతుంది.

ఎక్స్‌పోజర్ చిన్నగా ఉండాలి, గాలి కదలికను గడ్డకట్టించాలి కాబట్టి. గురుడికి 5 నుంచి 10 మిల్లీసెకన్లు, శనికి 15 నుంచి 25, కుజుడికి 2 నుంచి 5, శుక్రుడికి ఒకటి లేదా అంతకన్నా తక్కువ. ముందు ఎక్స్‌పోజర్ నిర్ణయించుకుని, హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత నిండిందో చూపే గ్రాఫ్) 60 నుంచి 70 శాతం దాకా వచ్చేలా గెయిన్ పెంచండి. ఒక్కో ఫ్రేములో గరుకు కనబడితే కంగారుపడకండి. రెండు వేల ఫ్రేములు పేరిస్తే అది కరిగిపోతుంది. 8 మిల్లీసెకన్లు పెడితే సెకనుకు 100కు పైగా ఫ్రేములు వస్తాయి. 1920 × 600 తెరకు సెకనుకు 115 మెగాబైట్ల చొప్పున, అరనిమిషానికి మూడున్నర గిగాబైట్లు. ఎస్ఎస్‌డీ ఎందుకన్నది ఇందుకే.

ఎంతసేపు తీయాలి? గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు. బింబం మధ్యలో ఉన్న మచ్చ నిమిషానికి దాదాపు పావు ఆర్క్ సెకను, అంటే మన కెమెరాలో ఒక పిక్సెల్ జరుగుతుంది. 8 అంగుళాల అద్దం విడదీసి చూపగలిగేది అర ఆర్క్ సెకను పైచిలుకు. కాబట్టి తీసిన ముక్కలన్నీ కలిపి రెండు నిమిషాలు దాటనివ్వకండి. శనికి నాలుగైదు నిమిషాలు తీసుకున్నా నష్టం లేదు, ఉంగరాల్లో కదిలే వివరం కనబడదు, బింబం మీద పట్టీలు అడ్డంగానే ఉంటాయి. కుజుడు మనలాగే 24 గంటల 37 నిమిషాలకు తిరుగుతాడు, అయిదు నిమిషాలకు ఇబ్బంది లేదు.

ఫోకస్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొలిమేషన్ తర్వాత ఫోటోల్ని ఎక్కువగా పాడుచేసేది ఇదే. వణుకుతున్న గ్రహం మీద ఫోకస్ ఎక్కడుందో కంటికి అందదు. గురుడి ఉపగ్రహాల్లో ఒకదాన్ని చూడండి, గెయిన్ తాత్కాలికంగా పెంచి. అది ఎక్కడ అతి చిన్న చుక్క అవుతుందో అదే చోటు. శనికైతే ఉంగరాల మధ్య నల్లటి కాసినీ ఖాళీ గీత. ఫోకసర్ గుండీకి ఒక బట్టల క్లిప్పు పట్టించండి. క్లిప్పు కొసను వేలితో కొద్దిగా నెడితే గుండీ వెంట్రుకవాసి తిరుగుతుంది, టెలిస్కోప్ ఊగదు. మంచి చోటు దాటి వెళ్లి, వెనక్కి వచ్చి, అటూ ఇటూ పోల్చి ఆగండి. గంట గంటకూ మళ్లీ చూడండి, చల్లదనం మారుతుంటే ఫోకస్ కూడా జరుగుతుంది.

ఎర్రమచ్చ ఎప్పుడు మనవైపు వస్తుందో ముందే తెలుసుకుని కూర్చోండి. ఒక రాత్రి తొమ్మిదింటికి మధ్యలో ఉంటే, రెండు రోజుల తర్వాత దాదాపు 10:38కి మధ్యకు వస్తుంది. అయిదు చుట్లకు 49 గంటల 38 నిమిషాలు, ఆ లెక్క. స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్ కూడా ఆ టైము చూపిస్తుంది. ఎర్రమచ్చ వచ్చే రాత్రే ఒక ఉపగ్రహం నీడ కూడా బింబం మీద పడితే, పొద్దున ఆఫీసు ఉన్నా మేడ దిగకండి.

ఏరడం, పేర్చడం, పదును పెట్టడం

తెల్లారాక, నిద్రమత్తు వదిలాక ఈ పని చేయండి. రాత్రికి రాత్రే చేస్తే పదును ఎక్కువ పెట్టేస్తారు.

మొదట పిప్‌లో మూడు ముక్కలనూ తెరిచి జాయిన్ మోడ్ పెట్టండి. ప్లానెటరీ ఎంచుకుని, గ్రహాన్ని ప్రతి ఫ్రేములోనూ మధ్యకు తెచ్చి 400 × 400 కు కత్తిరించమనండి. తెరంతా జారిన గ్రహం ఒకచోట నిలబడుతుంది, ఫైలు సైజు కూడా బాగా తగ్గుతుంది.

తర్వాత ఆటోస్టాకర్ట్. ఎమిల్ క్రైకాంప్ ఉచితంగా ఇచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కు మన రంగంలో అందరూ రుణపడి ఉన్నారు. ఫైలు తెరిచి ప్లానెట్ ఎంచుకుని అనలైజ్ నొక్కండి. ప్రతి ఫ్రేముకూ మార్కులు వేసి, మంచివి ముందు, చెడ్డవి వెనక వరుసపెట్టి ఒక గ్రాఫ్ గీస్తుంది. ఆ గ్రాఫ్ మొదట్లో ఎత్తుగా ఉండి త్వరగా పడిపోతే గాలి బాగా లేదని. అప్పుడు 10 శాతం తీసుకోండి. నిదానంగా దిగితే 25, 30 శాతం కూడా తీసుకోవచ్చు. నా అలవాటు, ఒకే వీడియోను 10, 20, 30 శాతాలతో మూడుసార్లు పేర్చి పక్కపక్కన చూసుకోవడం. అలైన్‌మెంట్ పాయింట్లు (ఫ్రేములను ఒకదానితో ఒకటి సరిపోల్చే గుర్తులు) గురుడికి 32 నుంచి 48 పిక్సెళ్ల సైజులో గ్రిడ్‌గా పెట్టి స్టాక్ నొక్కండి.

వచ్చిన బొమ్మ చూసి నీరుగారిపోకండి. మెత్తగా, పాలలో ముంచినట్టు ఉంటుంది. వివరం అంతా లోపల ఉంది, రెజిస్టాక్స్ 6 లోని వేవ్‌లెట్లు దాన్ని పైకి తీస్తాయి. ఆరు పొరలుంటాయి, మొదటిది అతి సన్నని వివరాలకు, ఆరోది ముతకవాటికి. మొదటిదాన్ని కొద్దిగా, రెండో మూడో పొరలను కాస్త ఎక్కువగా జరపండి. గరుకు పైకి వస్తే అదే పొరలో డీనాయిస్ కొంచెం పెంచండి. ఆర్‌జీబీ అలైన్ నొక్కితే ఎరుపు, నీలం అంచులు ఒకదాని మీదకి ఒకటి వస్తాయి. రెజిస్టాక్స్ రాసిన కోర్ బెరెవోట్స్ తర్వాత వేవ్‌షార్ప్ అనే కొత్తదీ రాశారు, అదీ ఇలాగే పనిచేస్తుంది.

ఎక్కడ ఆపాలన్నదే కష్టమైన ప్రశ్న. కుజుడి అంచు లోపల ఇంకో సన్నటి వంపు గీత పుట్టినా, శని ఉంగరంలో ఉల్లిపొరల్లా లేని గీతలు వచ్చినా, గురుడి పట్టీలు కట్టెలో చెక్కినట్టు కనబడినా దాటిపోయారు. వెనక్కి రండి. ఒకే రాత్రి పది నిమిషాల తేడాతో తీసిన రెండు వీడియోలను విడివిడిగా తయారుచేయండి. రెండింటిలోనూ ఉన్న వివరం గ్రహానిది. ఒకదాంట్లోనే ఉన్నది సాఫ్ట్‌వేర్‌ది, దాన్ని తీసేయండి. ఈ పరీక్ష నిక్కచ్చిగా పాటించమని వేడుకుంటున్నాను. కృత్రిమ మేధతో పదును పెట్టే సాఫ్ట్‌వేర్లు వాడితే గ్రహం మీద లేని తుపానులు పుట్టుకొస్తాయి. ఆకాశంలో ఉన్నదాన్ని చూపించడానికే కదా ఈ రాత్రులన్నీ మేలుకున్నది.

మన డాబ్సోనియన్ లాంటి న్యూటన్ రకం టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులుగా వస్తుంది, కుడి ఎడమలు తారుమారైన అద్దపు ప్రతిబింబంలా కాదు. 180 డిగ్రీలు తిప్పితే ఉత్తరం పైకి వస్తుంది. తిరగేసే ఫ్లిప్ మాత్రం చేయకండి.

రెండు నిమిషాల పరిమితి దాటాలనిపించినప్పుడు విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. పది నిమిషాల పాటు తీసిన అయిదారు బొమ్మలను, గ్రహం తిరిగినంత మేర వెనక్కి తిప్పి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. మొదటి సీజన్‌లో దాని అవసరం రాదు.

టైము రాసిపెట్టడం

విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ అని ఒక పేట ఉంది. 1840 ప్రాంతంలో గొడే వెంకట జగ్గారావు అక్కడ తన సొంత ఖర్చుతో వేధశాల కట్టించుకున్నాడు. ఆయన తర్వాత అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటిన ఘట్టాన్ని అక్కణ్ణుంచే గమనించాడు. తెలుగువాళ్లు సొంత ఇంటి నుంచి గ్రహాలను శ్రద్ధగా చూసి, టైముతో సహా నమోదుచేయడం నిన్నామొన్నటిది కాదు. గర్వపడటానికే కాదు, పాటించడానికి కూడా ఈ మాట చెబుతున్నాను. టైము లేని గ్రహం ఫోటో గోడకు పనికొస్తుంది, ఇంక దేనికీ పనికిరాదు.

2009 జులై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ తన ఇంటి దగ్గర గురుడిని వీడియో తీస్తూ దక్షిణ ధ్రువం దగ్గర ఒక నల్లటి మచ్చ చూశాడు. ఏదో వస్తువు వచ్చి గురుడిని ఢీకొట్టిన గాయం అది. పెద్ద వేధశాలలు ఆయన చెప్పాకే అటు తిరిగాయి. ఆయన దగ్గర ఉన్నది 14.5 అంగుళాల అద్దం టెలిస్కోప్. అలా ఏదైనా ఢీకొట్టేటప్పటి వెలుగు మెరుపు మన వీడియోలోనూ ఏదో రాత్రి పడవచ్చు, అందుకే పేర్చాక మూల వీడియోలను తుడిచేసే ముందు ఒకసారి నడిపించి చూడండి.

ల్యాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచేసుకుని, వీడియో నడిమి టైమును ప్రపంచ కాలమానంలో (యూటీ) ఫైలు పేరులోనే రాయండి. మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేయాలి. 2027 ఫిబ్రవరి 12 రాత్రి 10:11కి తీస్తే ఫైలు పేరు ఇలా ఉంటుంది: గురుడు, 2027-02-12, 16:41 యూటీ, 8 అంగుళాలు, ఎఫ్/11.8, గాలి నిలకడ 10కి 7, ఊరి పేరు.